రాయి పాతి పోయినవాళ్లు

మనోజకు ఆ ప్రశ్న పొద్దుటి నుంచీ చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. ఇబ్రహీంపట్నం కాలేజీలో ఫిజిక్స్ చెబుతుందామె. తెలివైన గ్రహాంతరవాసులు ఉంటే, చుక్క నుంచి చుక్కకు ఎంత మెల్లగా పాకినా కొన్ని కోట్ల ఏళ్లలో పాలపుంతంతా నిండిపోగలరని క్లాసులో చెప్పింది.

"మరి ఇంకా ఎందుకు రాలే మేడం?" అని ఓ పిల్ల లేచి అడిగింది.

ఇప్పుడు ఎర్రటి ఎండలో భర్త వినోద్ వెంట కొంగరకలాన్ దగ్గరి వెంచర్‌లో తిరుగుతోంది. ఏడాదికోసారి ఇదో తంతు: తమ ప్లాటు వెతుక్కోవడం, హద్దురాయి మీద చెరిగిన నంబరును పెయింటుతో దిద్దడం, కలుపు పీకడం. కనుచూపు మేర రాళ్లే. ఒక్క ఇల్లు లేదు.

"గిదే మనది!" అంటూ వినోద్ బ్రష్ తీశాడు.

"ఇక్కడ ఇల్లెప్పుడు కడ్తం?"

"ఇల్లెందుకు? కందుకూరు దిక్కు ఇంకో వెంచర్ పడ్డది. గక్కడ గూడ ఒకటి తీసుకుందాం."

మనోజ చుట్టూ ఉన్న రాళ్ల వంక చూసింది. ఆ గ్రహాంతరవాసులు రాలేదని ఎవరన్నారు? ఎప్పుడో వచ్చి, రాయి పాతి, కాపురం పెట్టకుండానే ఇంకో చుక్కకు పోయి ఉంటే? అలాగైతే ఈ భూమి ఎవరి ప్లాటు? దాని మీద మొలిచిన మనం?

నంబరు దిద్దేసి, వినోద్ వంగి కలుపు పీకబోయాడు. మనోజ గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు, పీకకు!"

"ఉత్త గడ్డే గదా!" అన్నాడతను నవ్వుతూ.

"వాళ్లు గూడ గట్లనే అంటరు."