మేనత్త బండి మీద తీర్పు

"మీ మేనత్తగారు పోతూ పోతూ బండి మీ పేర రాశారు," అని వకీలు ఫోన్ చేసినప్పుడు పళ్ల డాక్టరు ఒక పెద్దాయన నోట్లో దూది కుక్కుతున్నాడు. బండి అనగానే డాక్టరు కళ్లముందు కారే మెదిలింది. సాయంత్రానికల్లా క్లినిక్‌లో నర్సుకీ, కింద మందుల షాపాయనకీ, ఇంట్లో భార్యకీ అత్తయ్యకి తనంటే ఎంత ప్రాణమో వివరంగా చెప్పేశాడు. నిజానికి ఆవిణ్ణి చూసి ఏళ్లు గడిచాయి. ఆఖరిసారి పన్ను నొప్పని వస్తే, నొప్పి ఉన్నదాన్ని వదిలేసి పక్కదాన్ని పీకి పంపించాడు. ఆ తర్వాత ఆవిడ రాలేదు, ఈయన వెళ్లలేదు. ఊరి చివర మొక్కలు పెంచి అమ్ముకుంటూ, ఎవరి జోలికీ పోకుండా, ఆవిడ బతుకు ఆవిడ బతికింది.

కొన్నాళ్లకి లారీ వచ్చి గేటు ముందు ఆగింది. అందులోంచి దించిన వస్తువుకి నాలుగు చక్రాలున్నాయి గానీ రెండింట్లో గాలి లేదు. ఒకే సీటు. ముందు ఇంజను, దాని మీద వంగిన రేకు, మిగతాదంతా తుప్పు. పెద్ద ట్రాక్టరుని ఉతికి ఆరేస్తే ముడుచుకుపోయినట్టుంది.

"ఏంటిది?" అన్నాడు డాక్టరు.

"తోటల్లో దున్నుకునే ట్రాక్టరండి. ఇక్కడో సంతకం పెట్టండి," అన్నాడు లారీ డ్రైవరు.

డాక్టరు భార్య లెక్కల టీచరు. గుమ్మంలో నిలబడి ఆ వస్తువుని కిందనించి మీదదాకా చూసి, "మీరంటే అంత ప్రాణమా ఆవిడకి," అని లోపలికి వెళ్లిపోయింది.

పాత ఇనుము కొనేవాడికి కబురు పెట్టాడు డాక్టరు. వాడు వచ్చేలోపలే కట్టుడు పళ్లు సరిచేయించుకోడానికి రిటైర్డు జడ్జిగారు వచ్చారు. ఆయన పాత యంత్రాల సంఘానికి అధ్యక్షుడు. పళ్లసంగతి మర్చిపోయి వరండాలోంచి తిన్నగా ట్రాక్టరు దగ్గరికి నడిచి, దాని చుట్టూ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని తిరిగారు.

"ఇది మీ స్వాధీనంలోకి ఎలా వచ్చింది?"

డాక్టరు తడబడుతూ చెప్పాడు, ఎందుకో నేరం ఒప్పుకుంటున్నట్టు.

అప్పుడు జడ్జిగారు విషయం వివరించారు. దీన్ని చేసిన ఫ్యాక్టరీ మూతబడి చాలా కాలమైంది. వాళ్లు రెండు రకాలు చేశారు. ఏడో రకం, తొమ్మిదో రకం. ఏడో రకం అప్పట్లో తోట ఉన్న ప్రతివాడి దగ్గరా ఉండేది. తొమ్మిదో రకం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చేశారో లేదో ఫ్యాక్టరీ తగలబడిపోయింది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. గేరుబాక్సు పక్కన గుంటగా పోతపోసిన అంకె ఒక్కటే తేడా. ఆ అంకె ఉండాల్సిన చోట ఇప్పుడు గ్రీజు, మట్టి, రంగు కలిసి రాయిలా గట్టిపడి ఉన్నాయి.

"ఏడైతే పాత ఇనుములో వేసెయ్యండి. తొమ్మిదైతే మాత్రం మీ పంట పండినట్టే," అన్నారు జడ్జిగారు. మరోసారి చుట్టూ తిరిగి, "ప్రాథమికంగా చూస్తే తొమ్మిదే," అని తేల్చారు. ఆయన సర్వీసులో ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు ఎవరికీ తెలీదు.

పాత ఇనుమువాణ్ణి డాక్టరు గేటు దగ్గర్నించే పంపించేశాడు. "అత్తయ్య జ్ఞాపకం, ఎలా ఇస్తాను?" అన్నాడు, గొంతు కొంచెం వణికించి.

ఆ రోజు నించీ ఆయన మనిషి మనిషి కాదు. ఇంజను బిగుసుకుపోయి ఉంటే ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కిరసనాయిలు పోసి నానబెట్టి, పొద్దున్నే లేచి రోగిని చూడ్డానికి వెళ్లినట్టు వెళ్లి చూసొచ్చేవాడు. కార్బొరేటరు విప్పి క్లినిక్‌లో పనిముట్లు కడిగే మెషీన్లో వేశాడు. తుప్పుని పళ్ల మీద గార గీకినట్టే గీకాడు. సీటు అడుగున ఎండ తగలని చోట అసలు రంగు పసుపు బయటపడితే, దంతాల ఛాయలు చూసే కార్డు పెట్టి పోల్చి, రంగుల షాపులో దాని నంబరు చెప్పాడు. షాపువాళ్లు బిక్కమొహం వేశారు. కుర్చీలో నోరు తెరిచి పడుకున్నవాళ్లకి బెల్టు గురించీ, క్లచ్చి గురించీ చెప్పేవాడు. వాళ్లు వద్దనడానికి వీల్లేదు కదా.

ఒక ఆదివారం స్టార్టు చేసే తాడు లాగీ లాగీ భుజం పడిపోతుందనుకునేసరికి ఇంజను దగ్గింది. నల్లటి పొగ ఊదింది. ఆగి, మళ్లీ దగ్గి, టకటకా అందుకుంది. టీచరు చేతిలో పేపర్ల కట్ట అక్కడే పడేసి బయటికొచ్చింది.

"ఎక్కనా?" అంది.

"పడతావేమో."

ఆవిడ అప్పటికే ఎక్కేసింది. పెరట్లో ఒక చుట్టు తిరిగి, కుంపటిలా వేడెక్కిన ఇంజను పక్కనించి చీర కుచ్చిళ్లు పట్టుకుని దిగింది. నవ్వు ఆపుకోలేకపోతోంది. ఆవిడ అలా నవ్వి ఎంత కాలమైందో డాక్టరుకి గుర్తు రాలేదు. మళ్లీ తాడు చుట్టాడు.

ఈలోగా సంఘం సమావేశమై ఆ యంత్రం తొమ్మిదో రకమేనని చేతులెత్తి ఆమోదించింది. అంకె ఎవరూ చూడలేదు. జడ్జిగారు ఎత్తాక ఎత్తకుండా ఉండటానికి ఎవరికీ చెయ్యి రాలేదు. డాక్టరుని కార్యదర్శిని చేశారు. పేపరువాళ్లు వచ్చి ఫొటో తీసుకున్నారు. ఆయన గాల్లో తేలిపోయాడు.

సంఘం ఏటా పెట్టే పాత యంత్రాల ప్రదర్శన దగ్గరపడుతుండగా గేరుబాక్సు శుభ్రం చేద్దామని పన్ను పుచ్చు వెతికే కొక్కెంతో కూర్చున్నాడు. మడ్డి పెచ్చులుగా ఊడింది. ముందు ఒక అడ్డగీత కనిపించింది. తర్వాత దాని కొసనించి ఏటవాలుగా కిందికి దిగిన గీత. అక్కడితో ఆగిపోయింది. గీకి గీకి చూశాడు. ఎంత గీకినా అది ఏడే.

పేపర్లో వచ్చిన ఫొటో గుర్తొచ్చింది. లేచి క్లినిక్‌కి వెళ్లి సామగ్రి తెచ్చుకున్నాడు. పుచ్చుపన్నుకి నింపినట్టే సిమెంటు నింపి, నీలం లైటు పెట్టి గట్టిపరిచి, నునుపు చేసి, పైన పసుపు రంగేశాడు. తన జీవితంలో అంత చక్కగా కుదిరిన ఫిల్లింగు మరొకటి లేదు. చూసి మెచ్చుకునేవాళ్లే లేరు.

ప్రదర్శనలో ట్రాక్టరు చుట్టూ తాడు కట్టి, 'తొమ్మిదో రకం - ముట్టుకోరాదు' అని బోర్డు పెట్టారు. మొదటి బహుమతి వచ్చింది. అంకె ఉండాల్సిన చోట నున్నగా ఉందేమిటని ఒకరు అడిగితే, అంకె వెయ్యకముందే ఫ్యాక్టరీ తగలబడిందని, అదే పెద్ద రుజువని జడ్జిగారు సెలవిచ్చారు. అంతటితో ఆగలేదు. ఇంత అపురూపమైన యంత్రాన్ని నడిపితే అరిగిపోతుంది కాబట్టి పెట్రోలు తోడేసి, సంఘం హాల్లో అద్దాల గదిలో పెట్టాలని నిర్ణయించారు.

డాక్టరు అప్పుడప్పుడు వెళ్లి అద్దంలోంచి చూసి వచ్చేవాడు. పెరట్లో నూనె మరకలు మిగిలాయి. ఒక సాయంత్రం టీచరు ఆ మరకల దగ్గర నిలబడి, "ఎక్కడానికి లేనిది మనదెలా అవుతుందండీ?" అంది.

డాక్టరు దాచుకోలేకపోయాడు. ఏడు సంగతి, సిమెంటు సంగతి చెప్పేశాడు. ఆవిడ కోప్పడలేదు.

"నింపింది మీరేగా. తవ్వేసి చూపించండి. ఏడైతే మనింటికి పంపించేస్తారు."

చేతిలో పట్టుకునే డ్రిల్లు తీసుకుని సంఘం హాలుకి వెళ్లాడు డాక్టరు. సభ్యులందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని ఫిల్లింగు తవ్వాడు. ఆ శబ్దానికి ఇద్దరు దవడ పట్టుకున్నారు. ఏడు అంకె బయటపడింది. జడ్జిగారు భూతద్దంతో తీరిగ్గా చూశారు.

"ఇది ఎవరో తర్వాత వేసిన అంకె," అన్నారు.

"కాదండి. మొదటినించీ ఉంది. కప్పింది నేనే."

"ఎందుకు కప్పారు?"

"ఏడని తెలిస్తే పరువు పోతుందని."

"అంటే అబద్ధం ఆడానని మీరే ఒప్పుకుంటున్నారు. అబద్ధం ఆడినవాడి సాక్ష్యం చెల్లదు. కాబట్టి ఇది తొమ్మిదే."

సభ్యులు తలలూపారు. డాక్టరుకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అంతలో కోశాధికారికి ఒక ధర్మసందేహం వచ్చింది. దొంగ అంకె ఉన్న యంత్రాన్ని అద్దాల్లో పెడితే సంఘానికి మాట రాదా అని. జడ్జిగారు కళ్లు మూసుకుని ఆలోచించారు.

"నిజమే. ఆ అంకె ఎవరు వేశారో విచారణ జరగాలి. ముగిసేదాకా యంత్రం డాక్టరుగారి కస్టడీలో ఉంటుంది."

"ఎంత కాలం పట్టొచ్చండి?" అని అడిగాడు డాక్టరు, ఆశ గొంతులో తెలీకుండా.

"తొందరపడితే న్యాయం జరగదు," అన్నారు జడ్జిగారు.

అద్దాలు తీయించి, లారీ మాట్లాడి, ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చేశాడు. మర్నాడు పెట్రోలు పోశాడు. ఎదురుగా ఖాళీ స్థలం ఉంది, ఎన్నాళ్లనించో పిచ్చిమొక్కలు మొలిచి పడి ఉంది. స్థలం వాళ్లని అడిగితే బాగుచేసుకుంటే సంతోషమే అన్నారు. డాక్టరు ముందు నడుస్తూ రాళ్లు ఏరుతుంటే, టీచరు వెనక నాగలి తగిలించి ట్రాక్టరు నడిపింది. గీతలు వంకరగా వచ్చాయి. లెక్కల టీచరుకి అది నచ్చలేదు. వెనక్కి తిప్పి, మళ్లీ మొదటినించీ దున్నింది. పసుపు రంగు మీద మట్టి పడింది, ఒకచోట గీసుకుపోయింది కూడా.

చప్పుడు విని పక్కింటావిడ ప్రహరీ మీదనించి తొంగి చూసింది. "ముచ్చటగా ఉందండీ. ఏ రకం?"

టీచరు ఇంజను తగ్గించి, "విచారణలో ఉందండి," అంది. "పక్కకి జరగండి, రాయి ఎగరచ్చు," అని మొగుణ్ణి కేకేసి, గేరు మార్చింది.