మా చుట్టం ఒకాయన

ఎల్మర్ ఫ్యూగేట్ ఆ రోజు పెట్రోలు బంకులో తన కాఫీ తాను తాగి, తన నోరు తాను మూసుకుని ఉంటే, హోబర్ట్ స్టాంపర్ కూతురు ఈపాటికి నర్సు అయి ఉండేది. పదిహేనేళ్ళుగా హోబర్ట్ ఈ మాట అనుకుంటూనే ఉన్నాడు. ఇవాళ కూడా పొద్దున్నే హైస్కూలు నడవా తుడుస్తూ, మాప్‌ని బకెట్లో ముంచి ఎల్మర్ మెడ పిండినట్టు పిండాడు. కూతురి కాలేజీ సాయం దరఖాస్తులో రాబడి రాస్తే, నడుం పోయినందుకు గవర్నమెంటువాళ్ళు ఇచ్చే చెక్కు ఆపేస్తారన్నది వాడే. ఎల్మర్ తెలివి ఏపాటిదో ఆ లోయలో అందరికీ తెలుసు. సొంత కుక్కని కట్టెయ్యడం చేతకానివాడు. అలాంటివాడి మాట తను ఎందుకు విన్నాడన్నది మాత్రం హోబర్ట్ ఏనాడూ తనని తాను అడుక్కోలేదు.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, ఒడ్డూ పొడుగూ సమానం. ఎడమ కనుబొమ మీదుగా నీలం గీత ఒకటి ఉంటుంది. గనిలో రాయి తగిలి చర్మం చీలినప్పుడు బొగ్గు పొడి లోపలే ఉండిపోతే అలా అవుతుంది. ఎంత తోమినా పోదు. నడుముకి తోలు పట్టీ బిగించుకుంటాడు. వంగేటప్పుడు ముందు ఒక చెయ్యి మోకాలి మీద వేసి, ఆలోచించి, అప్పుడు వంగుతాడు. పదో తరగతి సగంలో మానేసి గనిలో దిగినవాడు, గని మూసేశాక మళ్ళీ అదే స్కూలుకి మాప్ పట్టుకుని వచ్చాడు. "నన్ను పాస్ చెయ్యలేదు గానీ, పాపం, వదిలిపెట్టనూ లేదు" అని పిల్లలతో అంటాడు. పిల్లలు నవ్వుతారు. నవ్వించడానికే అంటాడు. అయినా ఆ నవ్వు విన్న ప్రతిసారీ చెవులు వేడెక్కుతాయి.

గురువారాలు అతనికి ఇంకో పని ఉంటుంది. ఆఖరి ఏడాది పిల్లలు కాలేజీ ఖర్చుకి గవర్నమెంటు సాయం కోసం దరఖాస్తు పెట్టుకుంటారు. పిల్లలు తమ భాగం పది నిమిషాల్లో నింపేస్తారు. తండ్రుల భాగం దగ్గర బండి బురదలో దిగబడుతుంది. తండ్రి తన పేరు మీద తాను వెబ్‌సైటులోకి వెళ్ళి, గవర్నమెంటు తన పన్ను లెక్కలు చూసుకోవచ్చని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆ కొండల్లో మగవాళ్ళు వైద్యుడి ముందు చొక్కా విప్పుతారు గానీ, రాబడి ఎంతో పెళ్ళానికి కూడా చెప్పరు. స్కూల్లో ఈ పని చూసే లెనోరా ఐసన్ చదువుకున్న మనిషి, మంచి మనిషి. ఆమె కారు వాకిట్లోకి వస్తే చాలు, మగవాళ్ళు వెనక తలుపులోంచి అడవిలోకి పోతారు. ఆరేళ్ళ కిందట, స్కూలు ముందు కార్లు ఆపే చోట ఇద్దరు తండ్రులు హోబర్ట్ చెప్పేది టోపీలు తీసి వినడం ఆమె కిటికీలోంచి చూసింది. ఆ మర్నాడే ఈ పనికి అతనికి గంటల లెక్కన జీతం రాయించింది.

ఇవాళ డెన్వర్ నేపియర్ వంతు. అతని కూతురు టెస్సా మూడు వారాల నుంచి బతిమాలుతోంది. రాష్ట్రం ఇచ్చే డబ్బు ముందు వచ్చినవాళ్ళకి ముందు, అయిపోతే అంతే. మధ్యాహ్నం హోబర్ట్ రొట్టె ముక్కల మధ్య వేయించిన బొలోనా మాంసం ముక్క పెట్టుకుని, తింటూనే ట్రక్కు తోలుకుంటూ లోయ చివరిదాకా వెళ్ళాడు. ఇంట్లోకి వెళ్ళలేదు. వెళ్ళకూడదు. వాకిట్లో నిలబడి, ట్రక్కు ముందు భాగం మీద చెయ్యి ఆనించి, ఇంటాయన బయటికి వచ్చేదాకా ఊరుకోవాలి. కాగితం సంగతి మనం ఎత్తకూడదు. అవతలివాడే ఎత్తాలి. ఎత్తేదాకా కుక్కల గురించి మాట్లాడాలి.

డెన్వర్ ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో, చక్రాల మీద సిలిండరు లాక్కుంటూ అరుగు మీదికి వచ్చాడు.

"ఏంట్రా హోబర్ట్, స్కూల్లో కసువు అయిపోయిందా, ఇటొచ్చావు?"

"నీ వాకిలి ఊడవాలంటే చీపురు చాలదురా, బుల్‌డోజరు కావాలి. ఆ మచ్చల కుక్క ఇంకా కుందేళ్ళు తరుముతోందా?"

"తరుముతుంది. పట్టుకోదు. నాలాగే దానికీ ఊపిరి లేదు."

కుక్క గురించి పావుగంట అయింది. విప్పేసి పడి ఉన్న మోటారు గురించి ఇంకో పావుగంట. ఆఖరికి డెన్వరే అన్నాడు.

"మా పిల్ల పంపిందా నిన్ను?"

"ఎవరూ పంపలేదు. ఈ దారిన పోతూ ఆగాను."

"ఈ దారి మా గుమ్మం దగ్గరే ఆగిపోతుందిరా. ఎక్కడికి పోతున్నావు, బావిలోకా?" డెన్వర్ నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక గొంతు మారింది. "చూడు. పండ్ల తోటలో నాలుగు రోజులు లెక్కలు చూసినందుకు చేతికి డబ్బు తీసుకున్నా. అది బయటపడి ఈ జబ్బుకి వచ్చే చెక్కు ఆగిపోతే ఈ గొట్టంలోకి గాలి నువ్వు ఊదుతావా?"

"ఆ చెక్కు ఆఫీసు వేరు, ఇది వేరు. తెలిసినవాళ్ళని అడిగే చెప్తున్నా."

"అందరూ అలాగే చెప్తారు."

హోబర్ట్ ట్రక్కు మీద ఎండిన బురదని గోటితో గీకాడు. తర్వాత, నలభై యాభై వాకిళ్ళలో చెప్పినట్టే చెప్పాడు.

"మా చుట్టం ఒకాయన ఉన్నాడు. ఆయనకీ ఒక్కతే కూతురు. పిల్లే కాగితం అంతా నింపి, ఇక్కడ సంతకం పెట్టు నాన్నా అని బల్ల మీద పెట్టింది. పోస్టులో వేస్తానని పట్టుకుపోయాడు. పొయ్యిలో వేశాడు. రెండు నెలలయ్యాక, వాళ్ళు కాదన్నారమ్మా, ఉత్తరం వచ్చింది, చించేశాను అన్నాడు. పిల్ల నమ్మింది."

"ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోంది?"

"వృద్ధాశ్రమంలో దుప్పట్లు మారుస్తోంది. ముసలాళ్ళని ఎత్తి ఎత్తి ఆ పిల్లకీ నడుం పోయింది."

"ఆయనేమంటాడు?"

"ఆయనేమంటాడు. ఎవడో చెప్పాడంటాడు."

"వెధవ" అన్నాడు డెన్వర్.

"ఊఁ" అన్నాడు హోబర్ట్.

ఆ లోయలో ఫోనుకి సిగ్నలు అందదు. గుట్ట మీద చర్చి ముందు అందుతుంది. డెన్వర్ సిలిండరు మోకాళ్ళ మధ్య పెట్టుకుని ట్రక్కులో కూర్చుంటే హోబర్ట్ అక్కడికి తోలుకెళ్ళాడు. ఫోను తెర మీద వచ్చే ప్రతి ప్రశ్ననీ వేలు పెట్టి, మెల్లగా, పైకి చదివి వినిపించాడు. ఒప్పుకుంటున్నాను అన్నచోట డెన్వర్ బొటనవేలితో, బొద్దింకని నొక్కినట్టు నొక్కాడు. దిగేటప్పుడు, "మీ చుట్టం ఎక్కడుంటాడు?" అని అడిగాడు. "దూరం" అన్నాడు హోబర్ట్.

సాయంత్రం ఐదింటికి స్కూలు గ్రంథాలయంలో దరఖాస్తులు నింపడానికి అయిదు బల్లలు వేశారు. లెనోరా బల్ల దగ్గర ఎప్పుడూ రద్దీ. హోబర్ట్ ముందు కంప్యూటరూ, చిత్తు కాగితాల కట్టా, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలూ. ఆరు దాటాక అతని కూతురు రెనీ వచ్చింది. పూల చొక్కా యూనిఫారంలోనే ఉంది. జుట్టు రబ్బరు బ్యాండులోంచి ఊడి మెడ మీద పడింది. చేతిలో పన్ను కాగితాల కవరు. ముప్పై మూడేళ్ళ మనిషి, పదిహేడేళ్ళ పిల్లల మధ్య దారి చేసుకుంటూ వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నువ్వేంటమ్మా ఇక్కడ?"

"కమ్యూనిటీ కాలేజీలో పెద్దవాళ్ళకి కూడా నర్సింగు సీట్లు ఇస్తున్నారు. పెట్టుకుందామని."

"లెనోరా దగ్గరికెళ్ళు. ఆమె అయితే బాగా..."

"ఆమె దగ్గర నలుగురున్నారు. నీ దగ్గర ఈగ కూడా లేదు. నాకు చెయ్యాలంటే సిగ్గా నాన్నా?" అని నవ్వింది. "ఒకసారి కాదన్నారుగా. ఈసారీ కాదంటే పోయేదేముంది."

అతను అడగాల్సినవి అడిగాడు. పేరు. పుట్టిన తేదీ. అది అడగక్కర్లేదు, మంచు తుఫానులో ఆమె తల్లిని పురిటికి ఆసుపత్రికి తీసుకెళ్ళింది తనే. అయినా అడిగాడు. ఆమె గంభీరంగా చెప్పింది. కిందటేడు రాబడి అంకె ఆమె చెప్పినప్పుడు అతను తలెత్తలేదు. పదకొండేళ్ళు పనిచేసిన మనిషి రాబడి అది.

అప్పుడే టెస్సా నేపియర్ పుస్తకాల సంచీ ఊపుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది.

"హోబర్ట్ గారూ, నాది అంతా వెళ్ళిపోయిందండీ! నాన్న చేత ఎలా నొక్కించారు? మీ చుట్టం ఆయన సంగతి చెప్పారటగా. కూతురి కాగితం పొయ్యిలో వేసి, వాళ్ళు కాదన్నారని అబద్ధం చెప్పాడంట. ఆ అమ్మాయి వృద్ధాశ్రమంలో చేస్తోందంట. నాన్న ఇంటికొచ్చి బీన్సు కూడా ముట్టలేదు, ఊరికే నా వంక చూస్తూ కూర్చున్నాడు." ఆమె వంగి అతని భుజాన్ని గబుక్కున కౌగలించుకుని వెళ్ళిపోయింది.

రెనీ టెస్సా వెళ్ళిన వైపు చూసింది. తర్వాత తన చొక్కాకి పిన్ను పెట్టి ఉన్న ఆశ్రమం గుర్తింపు బిళ్ళని చూసుకుంది.

"ఏ చుట్టం నాన్నా?"

హోబర్ట్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"మనకి చుట్టాలే తక్కువ. మనవాళ్ళలో ఆడపిల్లలున్నది రెండిళ్ళలోనే. బ్యూలా చిన్నమ్మ కూతురు ఒహాయోలో ఉంది." ఆమె వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నట్టుంది. ఒక వేలు దగ్గర ఆగింది.

ఆమె కంప్యూటరు తన వైపు తిప్పుకుంది. తర్వాతి ప్రశ్న తెర మీద ఉంది. ఆమె చదివింది, పైకే, మామూలు గొంతుతోనే. "మీ తల్లిదండ్రుల్లో ఎవరైనా కాలేజీకి వెళ్ళారా?" లేదు అన్నచోట నొక్కింది. తర్వాత, తెర మీంచి కళ్ళు తియ్యకుండా అడిగింది.

"చెక్కు కోసమా?"

ఔనంటే సరిపోయేది. ఇల్లు గడవాలి, నడుం విరిగింది, ఎల్మర్ అలా అన్నాడు, ఏం చెయ్యను? ఎల్మర్ పేరు నాలుక చివర సిద్ధంగా ఉంది, పదిహేనేళ్ళ అలవాటు. హోబర్ట్ నోరు తెరిచాడు.

"కాదు."

"మరి?"

"దాంట్లో ఓ ప్రశ్న ఉంది. తండ్రి ఎందాకా చదివాడని. గుండ్రాలు ఉన్నాయి. నువ్వు మిడిల్ స్కూలని, ఎనిమిదో తరగతి దాకానే అని, పెన్సిలుతో దిద్దావు. నల్లగా, బాగా నొక్కి దిద్దావు." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను పదిలో సగం చదివానమ్మా. ఆ కాగితం ఎవడో బల్ల ముందు కూర్చుని చదువుతాడు, నా పేరు చదువుతాడు, పక్కన ఆ గుండ్రం... సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు."

"అది నిజమే కదా నాన్నా. హైస్కూలు పూర్తి చెయ్యకపోతే అదే దిద్దాలని కింద రాసుంది."

"నిజమే."

"చెప్పి ఉంటే రబ్బరు పెట్టి చెరిపేసేదాన్ని."

పక్క బల్ల దగ్గర ఎవరో కుర్రాడు తన పాస్‌వర్డు మళ్ళీ మర్చిపోయానని గోల చేస్తున్నాడు. లెనోరా, "నీ తలకాయ మెడకి అతికించి ఉంది కాబట్టి సరిపోయింది" అంటోంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు తన మీదే అనిపించి హోబర్ట్ తల దించుకున్నాడు. చెవులు కాలుతున్నాయి. ఎదురుగా తన పెంపకంలో పెరిగిన మనిషి కూర్చుని ఉంది, ఆమె ముఖం చూసే ధైర్యం లేదు. చేతులు మాత్రం కనబడుతున్నాయి. సబ్బు నీళ్ళకి వేలి కణుపులు పగిలి ఉన్నాయి.

"ఎంత వచ్చేది?" అంది ఆమె.

"ఎందుకిప్పుడు?"

"నీకు తెలుసు. తెలుసుకోకుండా ఉండవు నువ్వు."

తెలుసు. ఈ పనిలో చేరిన మొదటి నెలలోనే లెనోరా బీరువాలో ఆ ఏటి పట్టికలు వెతికి పట్టుకున్నాడు. తన ఆనాటి రాబడి వరస మీద వేలు పెట్టి, అడ్డంగా జరుపుకుంటూ వెళ్ళి అంకె చూశాడు. ఎవరికీ చెప్పలేదు. నోటితో చెప్పడం ఇప్పుడూ చేతకాలేదు. చిత్తు కాగితం మీద రాసి ఆమె వైపు తోశాడు.

ఆమె చాలాసేపు చూసింది. కంప్యూటరు మళ్ళీ దగ్గరికి లాక్కుని మిగతా ప్రశ్నలు తనే చదువుకుని, తనే నింపుకుంది. హోబర్ట్ రెండుసార్లు ఏదో చెప్పబోయాడు, ఆమె అప్పటికే సరిగ్గా నింపేసి ఉంది. ఆఖరి పేజీ వచ్చింది.

"ఇప్పుడు నీ సంతకం అక్కర్లేదుగా?"

"అక్కర్లేదు. నీ వయసుకి నీదొక్కటే చాలు."

ఆమె తన పేరు మీద నొక్కింది. దరఖాస్తు వెళ్ళిపోయింది అని తెర మీద పచ్చగా వచ్చింది. పన్ను కాగితాలు కవర్లో సర్దుకుని, జుట్టు విప్పి మళ్ళీ బిగించి కట్టుకుని లేచింది. కుర్చీని బల్ల కిందికి నెట్టింది.

"ఆదివారం భోజనానికి నా కోసం చూడకు నాన్నా."

"వచ్చే ఆదివారమా?"

ఆమె పిల్లల మధ్య నుంచి, ఒక్కొక్కరినీ తప్పుకోమని భుజం తట్టుకుంటూ వెళ్ళింది. తలుపు దానంతటదే నెమ్మదిగా మూసుకుంది.

"మీ అమ్మాయిది అయిపోయిందా హోబర్ట్?" అని లెనోరా అవతలి బల్ల నుంచి కేకేసింది.

"అయిపోయింది."

"దేవుడి దయ. తర్వాతి పిల్లాణ్ణి పంపనా?"

"పంపండి" అన్నాడు. కుర్రాడు వచ్చి రెనీ కూర్చున్న కుర్చీ లాగి కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా బల్ల మీద ఆమె వదిలి వెళ్ళిన చిత్తు కాగితం ఉంది, హోబర్ట్ పెద్ద పెద్ద అంకెలతో: ఏడాదికి కేంద్రానిది 5,350, రాష్ట్రానిది 1,900, రెండేళ్ళకి 14,500 డాలర్లు.