ముల్లు నటిస్తుందా?

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ చెప్పుకుంటూ పోతే మీకూ ఓపిక చాలదు, నాకూ చాలదు గనక ఒక్కటే చెప్తాను. ఆయన నన్ను తప్ప ఈ లోకంలో ప్రతి యంత్రాన్నీ నమ్ముతారు.

వృత్తి అలాంటిది మరి. కాటాలు బాగుచేస్తారు. కింద గదిలో ఆయన దుకాణం, పైన మా కాపురం. కూరగాయల కొట్టు కాటా దగ్గర్నుంచి నగల దుకాణం కాటా దాకా అన్నీ ఆయన చేతికే వస్తాయి. "మనిషి అబద్ధమాడతాడు గానీ కాటా ఆడదు" అంటుంటారు. పెళ్ళయిన కొత్తలో ఈ మాట వేదాంతంలా వినిపించేది. ఇప్పుడు కుక్కర్ కూత లెక్కే. చెవిన పడుతుంది, మనసుకెక్కదు.

నాకు షుగరుందని బయటపడ్డప్పుడు రీడింగు రెండు వందల నలభై దాటింది. ఎన్నాళ్ళుగా అలా ఉందో ఎవరికి తెలుసు? "ఇప్పుడే మాత్రలొద్దు. ముందు తిండి సర్దుకోండి, మెల్లమెల్లగా తగ్గించండి" అంది డాక్టరమ్మ. మా ఆయనకు "తగ్గించండి" ఒక్కటే వినపడింది. ఆ సాయంత్రమే కిందినుంచి బంగారం తూచే కాటా మోసుకొచ్చి వంటింట్లో పెట్టారు. నా అన్నం దానిమీదే తూచేవారు. రెండు మెతుకులు ఎక్కువైతే వేలితో తీసి పక్కన పెట్టేవారు. అంత జాగ్రత్తగా నా నగల్ని కూడా ఎప్పుడూ తూచలేదు. అదీగాక తూచేటన్ని ఎక్కడున్నాయి గనక.

నెల తిరక్కుండానే అంకె వంద కిందికి దిగింది. కాటా పట్టుకొచ్చిన ప్రతివాడికీ ఈ విజయగాథ వినిపించారు. సరిగ్గా అప్పుడే నాకు వణుకు మొదలైంది.

పొద్దున్న పనులన్నీ తెమిలి, ఇక కాస్త కూర్చుందామనుకునే వేళకు వచ్చేది. ముందు వేళ్ళు వణికేవి. ఆ తర్వాత వీపంతా చల్లటి చెమట. గుండె పరుగెత్తేది, మోకాళ్ళు తేలిపోయేవి, గోడలు తినేసేంత ఆకలి వేసేది. ఎవరు పలకరించినా కరవాలనిపించేది. ఈ ఆఖరిది పాత జబ్బేనని మా ఆయన అంటారు, అది వేరే సంగతి.

ఒక్కదాన్నే అయితే ఎలాగో పడేదాన్ని. మా అమ్మాయి కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వెళుతూ వెళుతూ తన పిల్లాణ్ణి నా చంకలో పెట్టి వెళుతుంది. వాడికింకా నడక రాలేదు. తూనికరాళ్ళ మనిషి మనవడు గనక తాతగారు వాడికి గుండుగాడని పేరుపెట్టారు. బరువు కూడా పేరుకు తగ్గట్టే.

ఒకరోజు వాణ్ణెత్తుకుని పాలు కాస్తుంటే కళ్ళు బైర్లు కమ్మాయి. స్టవ్ కట్టేసి, గోడకు వీపానించి, అలా జారి కింద కూర్చున్నాను. వాడు ఇదేదో కొత్త ఆట అనుకుని కిలకిలా నవ్వి, మళ్ళీ చెయ్యమని నా జుట్టు పీకాడు. కిందికి వినపడేలా ఆయన్ని పిలిచాను.

మా ఆయన పైకొచ్చి నా మొహం చూడలేదు. నేరుగా షుగరు చూసే మిషను తెచ్చి, నా వేలు పొడిచి, అంకె కోసం చూస్తూ నిలబడ్డారు.

"తొంభై ఆరు! కన్నెపిల్లవోయ్ నువ్వు!"

"ఏమండీ, నా చేతులు చూడండి."

"ఏ అరవైకో దిగితే వణకాలి. తొంభై ఆరుకి వణుకేంటి? మనసులో బిస్కెట్లు తిరుగుతున్నట్టున్నాయి."

"చెమటో?"

"పొయ్యి దగ్గర నిలబడితే చెమట పట్టదా?"

ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అయినా మనసులో ఏ మూలో అనుమానం ఉన్నట్టుంది. మిషన్ని పరీక్షించే ద్రావణం కొనుక్కొచ్చారు. తన వేలు పొడుచుకున్నారు, దుకాణానికొచ్చిన వాళ్ళ వేళ్ళు కూడా బతిమాలి పొడిచారు. చివరికి తీర్పు చెప్పారు: "మిషను కరెక్టుగానే ఉంది. తేడా నీలోనే."

సాయంత్రం అమ్మాయి వచ్చి "ఎలా ఉందమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు.

"మీ అమ్మకేం తల్లీ, తొంభై ఆరు!"

"అమ్మయ్య" అంది అది. పిల్లాణ్ణి ఇంకెక్కడ వదలాలా అని దారంతా దిగులుపడుతూ వచ్చి ఉంటుంది. దాని మొహంలో కుదుటపడ్డ ఆ కాస్త ప్రాణం చూసి నేను చెప్పాలనుకున్నది మింగేశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు నా సంసారమంతా నేలమీదే సాగింది. కూరలు తరగడం నేలమీద, పిల్లాడికి పాలు పట్టడం నేలమీద. వాడూ పాకుతున్నాడు, నేనూ పాకుతున్నాను. అలసట సంగతి అడక్కండి. జబ్బు తెచ్చే అలసట కంటే, జబ్బుందని రుజువు చేసుకోవడంలో వచ్చే అలసట ఎక్కువ. వణికే చేతులు చూపిస్తే అంకె చూపిస్తారు. అంకెకు జవాబేం చెప్పను?

ఒకరోజు గుండుగాడు తాత కావాలని పేచీ పెడితే, కాస్త బాగానే ఉన్నాననిపించి, వాణ్ణెత్తుకుని మెట్లు దిగాను. సగం దిగాక మోకాళ్ళలో ఎముక లేనట్టయింది. ఒక చేత్తో మెట్ల రెయిలింగు పట్టుకుని, రెండో చేత్తో వాణ్ణి గుండెకు అదుముకుని, ఉన్నచోటే కూలబడ్డాను. వాడి పాలసీసా మాత్రం ఆగలేదు. ఒక్కో మెట్టూ దొర్లుకుంటూ దుకాణంలోకి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది.

ఆయన పరుగున వచ్చారు. పిల్లాణ్ణి అందుకున్నారు. అందుకుని, అలవాటు కొద్దీ, "ఉండు, మిషను తెస్తాను" అన్నారు.

"తెచ్చి, పిల్లాణ్ణి దాని చేతికివ్వండి" అన్నాను. "నేను మాత్రం ఇక వాణ్ణి ఎత్తుకోను."

అరిచే ఓపిక లేదు, మామూలుగానే అన్నాను. అందుకే భయపడ్డారనుకుంటాను.

మర్నాడు అమ్మాయి సెలవు పెట్టింది. అందరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ బీపీ చూసింది, గుండె చూసింది, రక్తం పరీక్షలు చేయించింది. వేరే లోపమేమీ కనపడలేదు. మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

"నేనదే చెప్పానండీ. మిషను కూడా..."

"మీ మిషను సరిగ్గానే ఉంది. ఈవిడ వణుకూ నిజమే" అంది డాక్టరమ్మ. "ఏళ్ళ తరబడి ఎక్కువ చక్కెరకి అలవాటుపడ్డ ఒళ్ళు. ఒక్కసారిగా దించేస్తే, మామూలు అంకె కూడా దానికి పడిపోయినట్టే అనిపిస్తుంది, ప్రమాదమని గంట కొడుతుంది. ప్రమాదం కాదు గానీ పడే బాధ నిజం. ఇంతకీ ఇంత తొందరగా ఎలా దించారు?"

మా ఆయన గోడమీది క్యాలెండరు వైపు చూశారు.

"బంగారం కాటా మీద అన్నం తూచారండీ" అంది అమ్మాయి.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. పూటకింత అని కడుపు మాడ్చొద్దంది. మధ్యలో గుప్పెడు వేరుశనగలో, ఉడికించిన గుడ్డో తినమంది. వణుకు వస్తే కూర్చుని మిషన్లో చూసుకోమని, డెబ్బైకి పైనుంటే చక్కెర నోట్లో పోసుకోవద్దని, అంతకు దిగితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా తీసుకోమని చెప్పింది. కొన్ని వారాల్లో ఒళ్ళు కొత్త లెక్కకు అలవాటుపడుతుందట. అప్పటిదాకా పిల్లాడి దగ్గర ఇంకో మనిషి ఉండాలంది.

ఇంటికొచ్చాక బంగారం కాటా కిందికి వెళ్ళిపోయింది. వేరుశనగల డబ్బా పైకొచ్చింది. ఆ రాత్రి గిన్నెలు ఆయనే తోమారు, సగం జిడ్డుతో. అన్నీ జరుగుతున్నాయి గానీ తప్పయిందన్న ఒక్క ముక్క మాత్రం నోటినుంచి రాలేదు. నేనూ అడగలేదు. వయసొచ్చాక కోపం కూడా కూర్చునే చేసుకోవాలి.

రెండ్రోజుల తర్వాత, టీ తీసుకుని, రెయిలింగు పట్టుకుని కిందికి దిగాను. గుండుగాడు తాత ఒళ్ళో ఉన్నాడు. పాత సామాన్లు కొనే ఆసామి స్ప్రింగు కాటా ఒకటి బల్లమీద పెట్టి గోల చేస్తున్నాడు.

"దీని పనైపోయిందండీ. కొక్కేనికి ఏమీ లేకపోయినా ముల్లు సున్నాకి రాదు. పారేస్తాను."

"పారేస్తావా? ఏడాదిగా బరువు దానికే వేలాడదీసి ఉంచావు. ఇవాళ ఒక్కసారిగా తీసేసి నిలబడమంటే ముల్లెలా నిలబడుతుందయ్యా? స్ప్రింగుకి అలవాటు తప్పొద్దూ? కొన్నాళ్ళు ఊరికే వదిలెయ్, అదే సర్దుకుంటుంది. తొందరపడి బిగించావా, చచ్చూరుకుంటుంది."

టీ గ్లాసు బల్లమీద పెట్టాను.

"ముల్లు నటిస్తోందేమో, అదీ అడగండి" అన్నాను. "దాని మనసులో బిస్కెట్లు తిరుగుతున్నాయేమో."

ఆసామి నా వైపూ ఆయన వైపూ చూశాడు. మా ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టారు. గొంతులోనే ఏదో గొణిగారు.

"ఫ్యాను చప్పుడుకి వినపడలేదండీ" అన్నాను.

ఆయన పిల్లాణ్ణి భుజం మీదికి మార్చుకుని, లేచి, ఫ్యాను కట్టేశారు.

"తప్పు నాదే" అన్నారు, ఆసామి వింటుండగానే. "డాక్టరమ్మ మెల్లమెల్లగా తగ్గించమంది, నేను వినలేదు. నువ్వు చేతులు చూడమన్నావు, నేను చూడలేదు."