అలుపు లేని గుర్రాలు

కోదాడ సంతలో ఆ రోజు ధర పడిపోయింది. ఎర్రయ్య తన అన్న మల్సూర్ గొర్రెలు అన్నీ అమ్మినా, ఆపరేషన్‌కు కావలసిన దాంట్లో నాలుగోవంతు తక్కువే వచ్చింది. జీవాలకు మేత కొమ్మలు కొట్టబోయి తుమ్మచెట్టు మీంచి పడ్డ మల్సూర్, తుంటి విరిగి మిర్యాలగూడ దవాఖానలో ఉన్నాడు. సాయంత్రంలోగా డబ్బు పూర్తిగా కడితేనే కాలికి రాడ్ వేస్తామన్నారు. ఇవాళ దాటితే ఎముకల డాక్టరు మళ్లీ వచ్చే వారమే వస్తాడు.

ఎర్రయ్య బస్టాండుకే నడిచాడు. దాని పక్కన మణిదీప్ వీడియో గేముల షాపు. ఇంతకుముందు అక్కడ కొంచెం గెలిచిన రుచి ఉంది.

"రా బాబాయ్! సంచి నిండుగానే ఉందే ఇవాళ!" అన్నాడు మణిదీప్.

"యాడ నిండు సేటూ, తక్కువైనయ్. జర కలుపుకొని పోత."

"దానికేముంది, నీ చెయ్యి మంచిదిగా!"

తెర మీద గుర్రాలు వరసగా నిలబడతాయి. డబ్బిచ్చి కొన్న బిళ్ల వేసి, గెలుస్తుందనుకున్న దాని నంబరు నొక్కాలి. కాలేజీ పిల్లలు పుట్టిన తేదీనో, బండి నంబరునో చూసి నొక్కుతారు. ఎర్రయ్య అలా కాదు. చిన్నప్పటి నుంచి మందను తోలినవాడు, నడక చూస్తే జీవం సంగతి చెప్పగలడు. కిందటి ఆటలో ఉరికిందేదో, వెనకబడి ఒళ్లు దాచుకుందేదో గుర్తుపెట్టుకుంటాడు. ఉరికినదానికి ఈసారి దమ్ముండదు, దాచుకున్నది గెలుస్తుంది.

మొదట అతను కాసిన నల్లది గెలిచింది. అప్పుడే లేవాల్సింది. బయట మిర్యాలగూడ బస్సు హారన్ కొట్టింది కూడా. ఇంకొక్క ఆట గెలిస్తే తక్కువైనవి పూర్తిగా కలుస్తాయనుకున్నాడు.

ఎర్రగుర్రం గెలిచింది. మరోసారీ అదే. ఆ తర్వాతా అదే.

"ఇగ కూలబడుతది సూడు" అని పళ్లు బిగబట్టి, ఎర్రదాన్ని వదిలేసి మిగతావాటి మీద కాశాడు. అది కూలబడలేదు. సంచి అడుగు చేతికి తగిలాక కూడా, అలిసిన జీవం ఎంతసేపు ఉరుకుతుందన్న ధీమాతోనే ఆడాడు. చివరి బిళ్ల కూడా ఓడాక కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి గుర్రాలన్నీ గీత దగ్గర తళతళలాడుతూ నిలబడి ఉన్నాయి. ఎర్రదాని నోట నురగ లేదు, డొక్క ఎగరడం లేదు.

"సేటూ, దీని దమ్ము అయిపోదా?"

మణిదీప్ పకపకా నవ్వాడు. "దమ్మేంటి బాబాయ్, అది బొమ్మ! ఏది గెలవాలో మిషనే అనుకుంటది."

"మరి నాకు సెప్పవైతివి?"

"నువ్వు అడిగితేగా!"

బతిమాలాడు, కాళ్ల మీద పడబోయాడు. మణిదీప్ బస్సు కిరాయి మాత్రం చేతిలో పెట్టి పంపేశాడు. బస్సులో, అతని మొహం చూసి ఎవరో ముసలమ్మ మూటను ఒళ్లోకి తీసుకుని జాగా ఇచ్చింది.

దవాఖాన వరండాలో వదిన రంగి ఎదురొచ్చింది.

"ఏమైంది మరిదీ, గింత ఆలస్యమా? కౌంటర్ మూస్తరట, బిరాన కట్టు."

అతను ఆగకుండా మంచం దగ్గరికే వెళ్లాడు. మల్సూర్ కళ్లు తెరిచాడు.

"జీవాలను కోతకిచ్చినవా తమ్మీ, సాకేటోళ్లకా?"

"సాకేటోళ్లకే అన్నా... పైసలు లేవు. గుర్రాల పందెంల పెట్టిన."

"కోదాడల గుర్రాలేడియిరా?"

"టీవీల."

వెనకే వచ్చిన రంగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడ వెంట కిందికి జారి కూర్చుంది.

"నా జీవాలన్నీ అమ్ముత అన్నా. పొద్దుగాల్నే సంతకు తోలుత."

"డాక్టరు యాడుంటడురా పొద్దుగాల?"

అన్న వెళ్లిపొమ్మంటాడేమోనని ఎర్రయ్య తల వంచుకుని నిలబడ్డాడు. మల్సూర్ నొప్పికి పెదవి కొరుక్కున్నాడు.

"కాలు కింది బట్ట జారింది. జర లేపి సరిజెయ్యి, మీ వదినెకు చాతనైతలేదు."

ఎర్రయ్య వంగి, రెండు చేతులతో ఆ కాలిని మెల్లగా ఎత్తాడు. అన్న కేక పెట్టాడు, కానీ తమ్ముడి భుజం మీద వేసిన చెయ్యి తీయలేదు.