ఇంటికొక్క తాళంచెవి

“లిఫ్టు ఎక్కేముందు ఏదో ఒకటి మాట్లాడు. నువ్వెవరో వాళ్లకి తెలియాలిగా” అన్నాడు తామెర్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

నబ్రాకి నవ్వొచ్చింది. పెళ్లయి నలభై రోజులు. దేనికైనా నవ్వే వస్తోంది. తాడు కట్టి దించిన బుట్టలో వేడి రొట్టెలు తొమ్మిదో అంతస్తుకి ఊగుతూ వచ్చినా, లిఫ్టు అద్దంలో ఇద్దరూ ఇరుక్కుని కనబడినా సంబరమే. ఆమె కైరోలోనే పుట్టి, కైరోలోనే డిగ్రీ చదివిన పిల్ల. తాతలది ఈజిప్టు దక్షిణాన నూబియా, నల్లని ఒంటి రంగు అక్కడిది. ఇప్పుడీ వీధిలో సగం ఇళ్లు యుద్ధం తరిమితే వచ్చిన సూడాన్ వాళ్లవి. నిన్న కొత్త కాపలాదారు ఆమెని కూడా వాళ్లలో కలిపేసి, “మీవాళ్లు మెట్లమీదుగానే” అన్నాడు. లిఫ్టు తాళంచెవి చూపిస్తే, “ఎవరిదమ్మా ఇది?” అన్నాడు. ఆమె నోరు విప్పి కైరో యాసలో నాలుగు ముక్కలు దులిపాకే, “అయ్యో, మనమ్మాయివేనా!” అని పక్కకి జరిగాడు.

భర్త చెప్పినట్టే వారం రోజులు మాట్లాడింది. లిఫ్టు ముందు పిల్లిని పలకరించింది, ఎండని తిట్టింది, గోడకి కుశలం చెప్పింది. అదీ సరదాగానే ఉంది.

శుక్రవారం ఆ భవనంలో ఇళ్ల సొంతదారుల సమావేశం వాళ్లింట్లోనే పెట్టారు. “టీ సంగతి నువ్వు చూసుకో” అంది అత్తగారు ఇన్షిరాహ్. ఎవరికి ఎన్ని చెంచాల చక్కెరో, ఎవరికి పుదీనా వద్దో, పదకొండు మందివీ నబ్రా ఒక్కసారి వినే గుర్తుపెట్టుకుంది. సూడాన్ వాళ్లు దొంగ తాళంచెవులు చేయించుకుంటున్నారు, లిఫ్టు తాళం మార్చాలి, ఇకనుంచి ఇంటికొక్కటే, అదీ సొంతదారులకే అన్నారు.

“నల్లవాళ్లంతా ఒకేలా ఉంటారు. పోల్చుకోలేక చస్తున్నాం” అన్నాడు నాలుగో అంతస్తు ముఖ్తార్, ఆమె చేతిలోంచి కప్పు అందుకుంటూ.

కొన్ని కళ్లు నబ్రా వైపు తిరిగాయి.

“నిన్ను కాదులే కోడలు పిల్లా! నువ్వు మా చెరుకుపాకానివి, నల్లగా ఉన్నా తియ్యన” అంది అత్తగారు. అందరూ నవ్వారు. తామెర్ కూడా నవ్వాడు. నబ్రాకి మాత్రం మొదటిసారి నవ్వు రాలేదు. ఖాళీ కప్పులు కడుగుతూ ఆలోచించింది. తనకి పదకొండు మంది చక్కెర గుర్తుంది. వీళ్లకి ఒక్క ముఖం గుర్తుండదేం?

కొత్త తాళం పడిన రోజు బజారునుంచి వస్తుంటే, ఏడో అంతస్తులో అద్దెకుండే సూడాన్ ముసలావిడ బతూల్ మొదటి మెట్టుమీదే కూలబడి ఉంది, ఒళ్లో ఉల్లిపాయల సంచి.

“పైన ఇల్లుందే అని చెబుతున్నాను, ఈ మోకాళ్లు నమ్మట్లేదమ్మా” అంది.

కాపలాదారు అప్పుడే అటు తిరిగాడు. నాలుక చివరికొచ్చిన పలకరింపుని నబ్రా మింగేసింది. పిల్లినీ పలకరించలేదు, ఎండనీ తిట్టలేదు. సంచి అందుకుని, ముసలావిడకి చెయ్యిచ్చి లేపి, లిఫ్టు తాళం తిప్పింది.

“ఏయ్, మీవాళ్లు...” అన్నాడతను.

“అవును, మావాళ్లే” అంది నబ్రా. ఏడో నంబరు నొక్కింది.

సాయంత్రం ఆమె తామెర్ చొక్కాలు మడత పెడుతోంది.

“తాళంచెవి ఏదీ? బయటికెళ్లాలి” అన్నాడతను.

“ఏడో అంతస్తులో, బతూల్ పెద్దమ్మ దగ్గరుంది. మెట్లు దిగివెళ్లి అడుగు.” ఆమె ఆఖరి చొక్కా మడవకుండానే అతని చేతిలో పెట్టింది. “తలుపు కొట్టేముందు ఏదో ఒకటి మాట్లాడు. నువ్వెవరో వాళ్లకి తెలియాలిగా.”