వెనక సీటు బరువు

...కాబట్టి టర్బోయే. పెద్ద టర్బో ఒకటి వేస్తే చాలు, మిగతా లెక్కలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, అని నాగశ్రీ తేల్చుకుంది. తేల్చుకున్నాక స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి ఆలోచించడం మొదలుపెట్టింది. పుచ్చుపంటిని నాలుక ఊరికే తడిమి చూస్తూ ఉంటుందే, అలా తయారైంది మనసు. తేలిపోయిన సంగతి దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళి, ఇంకా ఉందా, ఇంకా నొప్పిగా ఉందా అని చూసి వస్తుంది.

కారు కదలడం లేదు. అశోక్ నగర్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, రోజూ నిలబడే చోటే నిలబడి ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. ఇంజన్ వదిలేసే పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో ఇంజన్‌లోకి ఇంకాస్త గాలి కూరే టర్బో దానికి పుట్టుకతోనే ఉంది. చిన్నదే. రెండు వారాల్లో ఊరి బయట రేసు ట్రాక్ మీద ఎవరి కారు వాళ్ళు తోలుకునే రోజు ఉంది. నాగశ్రీ పేరు ఇచ్చేసింది. సామాన్లకు ఈ సాయంత్రమే ఆర్డర్ పెట్టాలి, లేకపోతే అందవు. ఉన్న డబ్బులో పెద్ద టర్బో అయినా వస్తుంది, లేదా మంచి బ్రేకులూ టైర్లూ అయినా వస్తాయి. రెండూ రావు.

"రాష్ట్రపతి ఎన్నికల్లో నామినేటెడ్ సభ్యులకు ఓటు ఉండదు. ఉండదు... ఉండదు..." వెనక సీట్లోంచి గొంతు వినిపించింది.

మహేశ్వరి. జగిత్యాల దగ్గర పల్లెనుంచి వచ్చి, రెండో అంతస్తులోని లేడీస్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతోంది. గదిలో అయిదుగురు. లైబ్రరీకి తెల్లారేసరికి వెళ్ళకపోతే కుర్చీ దొరకదు. ఎండాకాలంలో ఒకరోజు సెల్లార్‌లో నాగశ్రీ బానెట్ తెరిచి చూస్తుంటే వచ్చి, "అక్కా, జర కార్ల కూసొని చదువుకోనా?" అని అడిగింది. అప్పట్నుంచి వెనక సీటు ఆమెది. బషీర్‌బాగ్‌లో ఆఫీసు అయ్యాక నాగశ్రీ స్కూటీ ఆపి, పైన ఫ్లాట్‌కి వెళ్ళకుండా ముందు సీట్లో ఓ గంట కూర్చుంటుంది. ఇద్దరూ అద్దంలోనే మాట్లాడుకుంటారు. డ్రైవరు తల మీది అద్దాన్ని నాగశ్రీ ఎప్పుడో, తనకే తెలియకుండా, వెనకున్న మనిషి కనిపించేలా వంచి పెట్టుకుంది.

"ఏందక్కా, గంట సంది గేరు పట్టుకొని కూసున్నవ్. ఏడికి పోతున్నం?"

"ఇంకా బయల్దేరలేదమ్మా. టర్బోనా, బ్రేకులా?"

"నిన్న గూడ గదే అడిగినవ్."

"నువ్వేం చెప్పావు?"

"తప్పు ఆప్షన్లు కొట్టేస్తే ఒప్పు మిగుల్తది అన్న. మా సార్ గట్లనే చెప్తడు."

"రెండే మిగిలితే?"

"రెండే మిగిల్తే దేవునికి దండం పెట్టుకొని ఒకటి గీకమంటడు."

నాగశ్రీ నవ్వింది. నిజానికి తను దేవుడిదాకా పోనక్కర్లేదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో రోజంతా గుద్దుకున్న కార్ల ఫొటోలు చూడటమే ఆమె ఉద్యోగం. "బ్రేకు పడలేదండీ" అని ఎంతమంది రాస్తారో. ఇంజన్‌లో బలం చాలక గుద్దేశానండీ అని ఇన్నేళ్ళలో ఒక్కరూ రాయలేదు. చలికాలంలో ట్రాక్ మీదికి మొదటిసారి వెళ్ళినప్పుడు తనకూ అదే జరిగింది. మూడో చుట్టుకే బ్రేకులు వేడెక్కి, పెడల్ మెత్తబడి, ఒత్తితే అన్నంముద్ద మీద కాలేసినట్టు అయింది. ఏం కావాలో కారే చెప్పింది. అయినా టర్బో కావాలి. ఎందుకు? దురాశా? ఆ రోజు సూటి దారిలో తనను దాటిపోయిన ఎర్ర కారు మీద కక్షా? రెంటినీ మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. రెండూ తనవి కావనిపించింది. ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టు భుజాల దగ్గర వదులుగా ఉన్నాయి.

ఫోన్ మోగింది. పవన్‌కుమార్. కాలేజీలో తనతోపాటు చదివి, ఇప్పుడు నారాయణగూడలో గ్యారేజీ నడుపుతున్నాడు. చేతికి గ్రీజు ఉందని స్పీకర్ నొక్కింది. గ్రీజు నిన్నటిది.

"నాగూ, షాపు కట్టేస్తున్నా. ఏం పెట్టమంటావ్?"

"పెద్ద టర్బోయే అనుకుంటున్నా."

"అనుకుంటూనే ఉండు. పెట్టమంటే పెడతా, నాదేం పోయింది. కానీ ముందు ఆ వెనక సీటు పీకమని అయిదు నెలల్నుంచి మొత్తుకుంటున్నానా లేదా? ఇరవై కిలోలు తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. బోల్టు తుప్పు పట్టిందన్నావ్. నూనె ఇచ్చా. పానా లేదన్నావ్. పానా ఇచ్చా. మొన్నేమో నడుం నొప్పన్నావ్. అందులో ఎవరైనా కాపురం ఉంటున్నారా ఏంటి?"

నాగశ్రీ స్పీకర్ ఆపబోయింది. ఆలస్యమైంది.

"ఉంటున్నరు," అంది మహేశ్వరి.

అవతల పవన్‌కుమార్ గొంతు తగ్గించాడు. "ఎవరండీ?"

"నేనే అన్నా. సీటు ఇరవై, నేను యాభై రెండు. మొత్తం ఎంతైతదో నువ్వే లెక్కేసుకో."

పవన్‌కుమార్ పడీ పడీ నవ్వాడు. నాగశ్రీ చెవులు వేడెక్కాయి. "అయిదు నిమిషాల్లో చేస్తానురా," అని ఫోన్ పెట్టేసింది. అద్దంలోకి చూడలేదు. స్టీరింగ్ మీద దుమ్ము లేని చోటే తుడుస్తూ కూర్చుంది.

"అక్కా."

"ఊఁ."

"నా కోసం ఆపినవా?"

కాదు అనబోయింది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఆమెకు టర్బో సంగతి అర్థమైంది. బరువు తీయకుండా వేగంగా పోవాలంటే బలం కొనుక్కోవాలి. సీటు ఉండాలంటే టర్బో కావాలి. ఇన్నాళ్ళూ చదివిన వ్యాసాలు, చూసిన వీడియోలు, కాగితాల మీద గీసుకున్న లెక్కలు అన్నీ కలిసి, వెనకనుంచి వచ్చే ఆ సన్నటి చదువు గొంతును కారులోనే ఉంచడానికి ఆమె కట్టుకున్న వాదన. ఒంటరిగా ఉండటం ఇష్టమని పదిమందికీ చెప్పుకునే మనిషి, గంటసేపు ఒకరు తన వెనక కూర్చుంటారని, ఉన్న డబ్బంతా ఇనుప ముక్కకు పెట్టబోయింది. సిగ్గుపడాలో నవ్వుకోవాలో తేలలేదు. నవ్వే ముందు వచ్చింది.

"నీ కోసమేం కాదులే, నా కోసమే," అంది చివరికి. "నువ్వు చదువుతుంటే బాగుంటుంది."

మహేశ్వరి పుస్తకం మూసింది. వేలు మాత్రం పేజీలోనే ఉంచింది. "ఒకటి చెప్తే తిట్టవు గదా?"

"చెప్పు."

"ఈ సీట్ల కాళ్ళు చాపనీకి వస్తలేదక్కా. మోకాళ్ళు పట్టేసి సస్తున్న. హాస్టల్ల ఇద్దరు ఖాళీ చేసిన్రు, రూము నెల సంది సప్పుడు లేకుంట ఉన్నది."

"మరి?"

"నేను రాకుంటే నువ్వు పరేషాన్ అయితవని వస్తున్న. ఒక్కదానివే గేరు పట్టుకొని కూసుంటే సూసేటోళ్ళు ఏమనుకుంటరు?"

సెల్లార్ అంతా మారుమోగేలా నవ్వారు ఇద్దరూ. వాచ్‌మన్ కురుమయ్య గేటు దగ్గర్నుంచి తొంగిచూసి, "ఏమైందమ్మా, స్టార్ట్ అయిందా?" అని అడిగాడు.

"అయితలేదు," అని అరిచింది మహేశ్వరి. తర్వాత గొంతు తగ్గించి, "తీసి ఆ పిల్లర్ కాడ ఎయ్యి. ఆడ లైటు గూడ ఉన్నది. సోఫా తీర్గ కాళ్ళు చాపుకొని చదువుకుంట. నువ్వు బండి కింద పండుకొని ఏం చేసుకుంటవో చేసుకో. ఊకె అద్దంల మాట్లాడి మాట్లాడి నీ మొకం సగమే తెలుసు నాకు."

"మెయిన్స్ అయ్యేదాకా వస్తావా?"

"అయినంక గూడ వస్త. నీ టర్బో సంగతి తేలాలె గదా."

నాగశ్రీ పవన్‌కుమార్‌కి ఫోన్ చేసింది. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిలు, నాలుగు టైర్లు. ఉన్న టర్బో చాలు. "నాగూ, నువ్వేనా?" అన్నాడతను. "నేనే," అంది, తనకూ పూర్తి నమ్మకం లేకుండానే. రేపు ఈ పాటికి మళ్ళీ టర్బో గురించి ఆలోచిస్తుందని ఆమెకు తెలుసు. ఆలోచించనీ.

డ్యాష్‌బోర్డు అర తెరిచి పానా తీసింది. దిగి వెనక తలుపు తెరిచింది. ఎదురెదురుగా చూస్తే మహేశ్వరి గడ్డం మీద చిన్న మచ్చ ఉంది. అద్దంలో ఎప్పుడూ కనబడలేదు.

"దిగాల్నా?"

"వద్దు, ఈ పేజీ అయిపోనీ. కాళ్ళు మాత్రం పైకి పెట్టుకో."

మహేశ్వరి కాళ్ళు ముడుచుకుని, పేజీ విప్పి, ఎక్కడ ఆపిందో అక్కడ్నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. నాగశ్రీ మోకాళ్ళ మీద కూర్చుని సీటు కింద చెయ్యి పెట్టి తడిమింది. బోల్టు దొరికింది. దానికి తుప్పు ఎప్పుడూ లేదు. పానా తగిలించి, ఒంటి బరువంతా దాని మీద వేసి, తిప్పింది.