ఫ్లెక్సులో సిపాయి

టీ కొట్టులో నోరు జారకపోయుంటే బాలుసామికి ఆ నాలుగు రోజులూ నిద్ర పట్టేది. సరిహద్దులో యుద్ధం మొదలైందని టీవీ గొంతు చించుకుంటుంటే ఆవేశం పట్టలేక, "శనివారం మావాడికి పద్దెనిమిది నిండతాది. వాణ్ణి బార్డరుకి ఇచ్చేస్తా!" అనేశాడు. కొట్టు యజమాని చెల్లప్ప టీ డబ్బులు తీసుకోలేదు. అక్కడితో మాట వెనక్కి తీసుకునే దారి మూసుకుపోయింది.

శుక్రవారానికి బస్టాండు దగ్గర ఫ్లెక్సు లేచింది. నడుమ సిపాయి దుస్తుల్లో కొడుకు జెగదీశ్, చేతిలో తుపాకీ. చుట్టూ బంధువుల తలకాయలు. అన్నిటికన్నా పెద్దది, నల్ల కళ్లద్దాలతో, బాలుసామిది. వీధిలో ఆ ఫ్లెక్సు కింద మీసం దువ్వేవాడు. ఇంట్లో మాత్రం బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల చప్పుడు చాటున, యుద్ధం ఆగిపోవాలని ఊరి దేవుడు అయ్యనారుకి మొక్కుకునేవాడు.

జెగదీశ్ అన్నం తింటూ తండ్రి ముఖం చూసేవాడు, అంతే.

శనివారం సాయంత్రం కేకు మీద కత్తి పెట్టే వేళకు టీవీ చెప్పింది, కాల్పులు ఆగాయని. బాలుసామి గుండె మీది బండ దిగింది. ఆ మరుక్షణమే నోరు లేచింది.

"థూ! ఇంకో వారం ఆగకూడదా వీళ్లు? మావాడు పోయి ముగించుండునే!"

"చాల్లే," అంది భార్య నాగమ్మాళ్. "మొన్న కుక్క కరిస్తే సూదికి బయపడి ఆస్పత్రి గోడ దూకినాడు ఈయన!"

అందరూ నవ్వారు. జెగదీశ్ నవ్వలేదు. మొదటి ముక్క తండ్రి నోట్లో పెడుతూ చెవి దగ్గరికి వంగాడు.

"నాయినా, నిజంగానే పంపించుంటావా?"

లేదురా అంటే సరిపోయేది. కానీ చుట్టూ సెల్‌ఫోన్లు వీడియో తీస్తున్నాయి. బాలుసామి కేకు మింగి, "పిన్నే మరి! పంపకుండా ఉంటానా?" అన్నాడు గట్టిగా. చప్పట్లు మోగాయి. కొడుకు వేలికంటిన క్రీము తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

పొద్దున, మగ్గాల కొట్టం మీద కప్పుదామని ఫ్లెక్సు విప్పడానికి వెళ్లిన బాలుసామి అక్కడే కొయ్యబారిపోయాడు. సిపాయి ఒంటిమీద జెగదీశ్ తల లేదు. దాన్ని శుభ్రంగా కత్తిరించేసి, ఆ చోట నల్ల కళ్లద్దాల తలకాయ అతికించి ఉంది. ఓటు వయసొచ్చిన కొడుకు తొలి ఓటు తండ్రికే వేశాడు.

కొట్టులోంచి చెల్లప్ప కేకేశాడు. "ఏం బావా, ఎప్పుడు బయల్దేరేది? టీ తాగి పోరాదా!"

"యుద్దం అయిపోయింది గదప్పా," అన్నాడు బాలుసామి.

ఈసారి గొంతు వణికింది. ఆ వణుకు నిన్న కొడుకు చెవిన పడాల్సింది.